అనసూయక్కను చంపింది తలరాత కాదు

దసరా మరునాడు నేను మిర్యాలగూడలో నా షాపు ముందు కూర్చుని, పండగ బడలిక తీరక రెండో చాయ్ తాగుతున్నాను. కోదాడ నుంచి ఫోను వచ్చింది. "అన్నా, అనసూయక్కకు దెబ్బ తగిలింది. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోతున్నాం. నువ్వు రా" అని ఒక్క మాట చెప్పి పెట్టేశారు. నేను బండి మీద సూర్యాపేట చేరేసరికి ఆమె భర్త సత్తయ్య బావ దవాఖాన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు. "అయిపోయిందిరా రాములూ" అన్నాడు.

ఇటువంటి వ్యాసాల్లో, మరణవార్త విని దిగ్భ్రాంతి చెందానని రాయడం మర్యాద. చెందాను. కాని ఆ దిగ్భ్రాంతి నాలో ఎంతోసేపు నిలవలేదు. ఆమె పార్థివదేహాన్ని ఇంకా బయటికి తేకముందే, ఆ ఆవరణలో గుమిగూడిన మా వడ్రంగి వృత్తివాళ్లలో ఒకాయన అన్న మాట నా చెవిన పడింది. "ఊరందరికి జాగ్రత్తలు జెప్పిన మనిషే గిట్ల పోయింది. ఇగ జాగ్రత్తలు ఏం జేస్తయ్? ఎవల రాత ఎట్లుంటే గట్లయితది." చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఒకరిద్దరు కళ్లు కూడా తుడుచుకున్నారు. అప్పటినుంచి నాకు ఏడుపు రావడం లేదు, కోపమే వస్తోంది. ఈ సంస్మరణ ఆ కోపంతోనే రాస్తున్నాను. నచ్చనివాళ్లు ఇక్కడే ఆపేయవచ్చు.

తెలియనివారి కోసం ఆమె ఎవరో ముందు చెప్పాలి. సూర్యాపేటలో ఖమ్మం రోడ్డు వైపు ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో ఒక కోత మిషన్. పెద్ద ఇనుప బల్ల, ఆ బల్ల నడిమి చీలికలోంచి గుండ్రటి రంపం బ్లేడు పైకి లేచి గిర్రున తిరుగుతూ ఉంటుంది. చెక్కను బల్ల మీద పరిచి బ్లేడు మీదికి తోస్తే నిలువునా చీలుతుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్య తలుపులు, దర్వాజాలు చేసే ప్రతివాడూ ఏదో ఒకనాడు ఆ షెడ్డు గుమ్మం తొక్కినవాడే. ఆ మిషన్ నడిపింది సత్తయ్య బావ కాదు, ఆయన ధర్మపత్ని అనసూయమ్మ. మా అందరికీ అనసూయక్క.

గరిడేపల్లిలో వడ్రంగం చేసే వడ్లవారి ఇంట పుట్టిన పిల్ల. పెళ్లై సూర్యాపేట వచ్చిన కొత్తలోనే బావ కుడిచేతి వేళ్లు కోతలో పోయాయి. చేతికి కట్టుతో ఇంటికి వచ్చిన మనిషిని పరామర్శించడానికి వృద్ధుడైన మేస్త్రీ ఒకాయన వచ్చి, ఓదార్పుగా, "ఇప్పుడైనవ్ సత్తయ్యా నువ్వు అసలు మేస్త్రీవి" అన్నాడట. మా వృత్తిలో ఇదొక ఘనత. వేలు పోనివాడు మేస్త్రీ కాడంటారు. చాయ్ హోటల్ దగ్గర సగం వేలు ఎత్తి చూపించి, ఇది ఫలానా దొడ్డి తలుపు కింద పోయింది, ఇది ఫలానావారి సింహద్వారం కింద పోయింది అని యుద్ధం చేసి వచ్చినట్టు చెప్పుకుంటారు. అక్క ఆ పెద్దమనిషికి పోసిన చాయ్‌ని ఆయన ముందు నుంచి తీసేసి, "నీ మేస్త్రీతనం నీ ఇంట్ల పెట్టుకో పో" అని గడప దాటించింది. ఆ వారమే షెడ్డు తలుపు తీసి మిషన్ ముందు తాను నిలబడింది. బావ పక్కన స్టూలు మీద కూర్చుని నోటితో నేర్పాడు, ఆమె చేతులతో నేర్చుకుంది. ఆడమనిషి కోత మిషనా అని నవ్వినవాళ్లు నవ్వారు. నవ్వినవాళ్ల చెక్కలే ఆ తర్వాత ఆమె షెడ్డు ముందు వరుసగా నిలబడ్డాయి.

ఆమె వినయశీలి, మృదుభాషిణి, అజాతశత్రువు అని రాస్తే పైనుంచి నన్నే బూతులు తిడుతుంది. నోరు చెడ్డది. మెచ్చుకోవడం చేతకాదు. తప్పు తనదని ఒప్పుకున్న దాఖలా లేదు. పైగా డాబు. ఆషాఢంలో ఒకసారి, దసరాకు ఒకసారి పది వేళ్ల కొసలకూ గోరింటాకు ఎర్రగా పండించుకుని, పెళ్లిళ్లలో మేస్త్రీలు కూర్చున్న బంతికి ఎదురుగా వచ్చి వడ్డన చేసేది. పప్పు పోస్తూ వేళ్లు విప్పి, "లెక్కబెట్టుకో బావా, పదికి పది" అనేది. సగం వేళ్లతో అన్నం కలుపుకుంటున్న ఆ మేస్త్రీలు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక విస్తరిలోకి చూసేవారు. ఇది కూడదని బావ చాలాసార్లు చెప్పాడు. ఆమె వినలేదు. అది డాబే అనుకున్నాను చాలాకాలం. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ మూడు ఊళ్లలో పది వేళ్లతో ఉండటం గొప్ప అని చూపించడానికి ఆమె తప్ప ఇంకెవరున్నారు?

నేను ఆమె దగ్గర చేరేనాటికి పెళ్లయినవాణ్ణి. చేతిరంపంతో, ఉలితో తలుపులు చేసి బతుకుతున్నాను. మిషన్ కోత నేర్చుకుంటే పని పెరుగుతుందని పోయాను. నాతోపాటే కోదాడ నుంచి వెంకన్న కూడా వచ్చి చేరాడు. వాడి పేరు గుర్తుపెట్టుకోండి. మొదటి రోజు మమ్మల్ని మిషన్ దగ్గరికి రానివ్వలేదు. "చేతులు సూపెట్టుండ్రి" అంది. నా మణికట్టుకు జాతరలో కట్టించుకున్న ఎర్రదారం ఉంది.

"ఇది తీసి దండచేతికి కట్టుకో."

"దేవుని దారం అక్కా."

"దేవుడు దండకున్నా కాపాడుతడు. మణికట్టుకుంటె బ్లేడు ముందుగాల దారాన్ని అందుకుంటది, ఎనక నిన్ను అందుకుంటది. ఆలోచన జెయ్యి."

వెంకన్న ఉంగరం తీయించింది. పొడుగు చేతుల చొక్కాను మోచేతి పైదాకా మడతపెట్టించింది. తాను మాత్రం చీర కొంగు నడుముకు బిగించి, పైన బావ పాత పొట్టిచేతుల చొక్కా వేసుకుని మెడ దాకా గుండీలు పెట్టుకునేది, పుస్తెలతాడు కూడా బయటికి వేలాడకుండా. కొంగు కాదు కదా, వెంట్రుక పోగు కూడా బ్లేడు దగ్గర వేలాడకూడదు. కళ్లకు అద్దాలు. చెవుల్లో దూది. సిమెంటు పని చేసే చుట్టం ఒకాయన చేతులు భద్రమని తొడుగులు తెచ్చి ఇస్తే, "గుడ్డపోగు ఒక్కటి పంటికి దొరికితె చెయ్యి మొత్తం లోపలికి పోతది, ఇవి చేతులకు కాదు, గిన్నెలకు" అని, వాటితో ఇంట్లో పొయ్యి మీది అన్నం గిన్నె దించుకునేది.

రెండో పాఠం నిలబడటం. ఎంత తెలివైనవాడైనా మొదట బ్లేడుకు సరిగ్గా ఎదురుగానే నిలబడతాడు. ఆమె వాడి భుజం పట్టి ఎడమకు లాగేది. "చెక్కకు కోపమొస్తె యాడికి వస్తదో తెల్సా? తోసినోని మీదికే వస్తది. దాని తొవ్వల నువ్వెందుకు?" అనేది. ఇది అతిశయోక్తి కాదు. కోతలో ఉన్న చెక్క రెండు పాయలూ కోసిన వెనక మళ్లీ దగ్గరికి ముడుచుకుని బ్లేడును పట్టేస్తే, బ్లేడు వెనక పళ్లు ఆ చెక్కను పైకి లేపి, ముందున్న మనిషి మీదికి విసురుతాయి. మేము ఎదురు తన్నడం అంటాం. చూసి తప్పుకున్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. అలా జరగకుండా బ్లేడు వెనక, దాని వరుసలోనే, కొడవలి వంపుతో ఒక సన్నని ఇనుప రేకు నిలబడి ఉంటుంది. చీలిన చెక్క మళ్లీ ముడుచుకోకుండా అది మధ్యలో నిలుస్తుంది. ఆ రేకు, బ్లేడును పైనుంచి కప్పే గార్డు, రెండూ మిషన్‌తోపాటే వస్తాయి. మా మూడు ఊళ్లలో ఎన్ని మిషన్లకు ఇవాళ అవి ఉన్నాయో మీరే పోయి చూడండి. మిషన్ దిగిన రోజే వాటిని విప్పి అటక మీద పారేస్తారు. అడ్డమట. కోతకు అడ్డం, చూపుకు అడ్డం, వేగానికి అడ్డం.

అక్క మిషన్‌కు మాత్రం రెండూ ఉండేవి. వాటిని తుడిచి నూనె రాసేది. బ్లేడును చెక్క మందానికి మించి ఒక్క పన్ను మాత్రమే బయటికి కనిపించేటంత ఎత్తులో పెట్టేది. ఎవరైనా ఎత్తుగా లేపితే, "ఏందిరా గది, కోడిపుంజు జుట్టు లెక్క? పందెంకు తీస్కపోతవా?" అని ఆపేసేది. సన్నని ముక్క కోసేటప్పుడు చెయ్యి దగ్గరికి పోనిచ్చేది కాదు. చెప్పు అడుగు ఆకారంలో తానే చెక్కిన తోపుడు కర్రతో తోసేది. చూసినవాళ్లు నవ్వేవారు, పిల్లికి అన్నం పెట్టినట్టు ఆ కర్రేందక్కా అని. ఒకసారి నవ్వుతున్న వాడి చేతిలోనే ఆ కర్ర పెట్టింది. దాని మడమ మీద బ్లేడు పళ్లు పడిన గాట్లు ఉన్నాయి. "లెక్కబెట్టు. గివన్ని నీ వేళ్లకు పడాల్సినయి. కర్రకు పడ్డయి. కర్ర మల్ల చెక్కుకుంటం, వేలు చెక్కుకుంటవా?" అంది. అతను నవ్వాపి కర్ర జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

ఈ అప్రమత్తత ఆమెకు ఊరికే రాలేదు, ఊరికే సాగలేదు కూడా. మిర్యాలగూడలో ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు ఒకాయన గృహప్రవేశం దగ్గర పడిందని దర్వాజాల చెక్క మొత్తం ఒక్కరోజులో కోసిమ్మన్నాడు. ఆ చెక్కలో పాత మేకులున్నాయి. ఒక్కో మేకు వెతికి పీకితేగాని కోయనంది. ఆయన మిషన్ పక్కనే నిలబడి గోల చేస్తుంటే స్విచ్ ఆపేసి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుని పల్లీలు తినడం మొదలుపెట్టింది. "నువ్వు మాట్లాడుడు అయిపోయినంక చెప్పు, కోస్త. కోత కోసేటప్పుడు నాతోని దేవుడు గూడ మాట్లాడొద్దు" అంది. ఆయన చెక్క ఎత్తుకుని వేరేచోటికి పోయాడు. మళ్లీ రాలేదు. ఆయనతోపాటు ఇంకా చాలామంది పోయారు. ఆమె చాదస్తపు మనిషని, ఆలస్యపు చెయ్యి అని పేరు పడింది. సంతాప సభలో ఆమెను కార్యదక్షురాలు అని పొగిడినవాళ్లలో ఆ పేరు పెట్టినవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

దసరానాడు మా వృత్తిలో ఆయుధపూజ చేస్తాం. పనిముట్లు కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూలు కట్టి, ఆ రోజు వాటికి విశ్రాంతి ఇస్తాం. ఇంతవరకు శోభాయమానమే. మరునాడు తొలి కోత. మా ఊళ్లలో ఈ తొలి కోతకు ఒక పద్ధతి ఉంది. మిషన్ అమ్మవారు కనుక ఆమె మొహానికి అడ్డం ఉండకూడదు. అందుకని గార్డు ఉన్నవాడు గార్డు తీసేస్తాడు, రేకు ఉన్నవాడు రేకు తీసేస్తాడు. కర్రతో తోయకూడదు, చేతులతోనే సమర్పించాలి. ఎండు చెక్క పనికిరాదు, ఆనాడే కొట్టిన పచ్చి వేపదుంగ నుంచి తీసిన పలక పెట్టాలి. ఇప్పటిదాకా నేను చెప్పింది చదివినవారికి ఇక వివరించనక్కర్లేదు. పచ్చి చెక్కలో బిగువు ఉంటుంది. కోస్తుంటే ముడుచుకుంటుంది. ముడుచుకునే చెక్కను ఏరికోరి తెచ్చి, ఆపే రేకును ఏరికోరి తీసేసి, డప్పులు కొట్టించి మరీ కోస్తాం. ప్రతి ఏడూ ఏదో ఒక షాపులో ఒకడికి పన్నో, పక్కటెముకో విరుగుతుంది. అమ్మ కోపగించిందని కోడిని కోస్తారు.

అక్క దీనితో ఎంత పోరాడిందో నేను చూశాను. ఆమె నాస్తికురాలు కాదు. ఆమె మిషన్‌కు చేసినంత పూజ ఎవరూ చేయరు, కుంకుమ అద్దుతూ అద్దుతూ కళ్లనీళ్లు పెట్టుకునే మనిషి. కాని రేకుకూ, గార్డుకూ కూడా బొట్టు పెట్టి, వాటిని తియ్యకుండా, ఎండు టేకు ముక్కతో, తోపుడు కర్రతో తొలి కోత కోసేది. ఒకసారి మా వడ్రంగుల సంఘం సమావేశంలో సంఘం పెద్దాయన ఆమెను నిలదీశాడు.

"అమ్మకు కర్రతోని అందిస్తవా అనసూయా? చేతులు లేవా నీకు?"

"ఉన్నయి గనుకనే కర్ర పడుతున్న పెదనాయినా. మీ ఇంట్ల పొయ్యి గూడ అమ్మనే గద. మరి కూర చేతితోనే కలుపుతున్రా? గరిటె ఎందుకు?"

సభ నవ్వింది. పెద్దాయన నవ్వలేదు. "ఆడదానికి భయం ఉంటది, మనం ఏమనొద్దు" అన్నాడు. ఆ మాటతో ఆమె వాదం మొత్తం కొట్టుకుపోయింది. ఆడదాని భయమని తేల్చేశాక ఇక రేకు గురించి మాట్లాడేవాడు పిరికివాడవుతాడు. మగవాళ్లకు వేళ్లు పోయినా ఫర్వాలేదు గాని ఆ పేరు రాకూడదు. ఆ రోజు బయటికి వచ్చి బస్సు కోసం నిలబడినప్పుడు ఆమె నాతో, "రాములూ, నాకు భయమే. భయం లేనోడు మిషన్ ముట్టొద్దు. గీ ముచ్చట వాళ్లకు ఎట్ల జెప్పాల్నో నాకు ఎరుకైత లేదు" అంది. ఆమె ఓడిపోయినట్టు మాట్లాడటం నేను విన్నది అప్పుడే.

ఈ ఏడు వెంకన్న కోదాడలో కొత్త మిషన్ దింపాడు. తొలి కోతకు తన గురువు వచ్చి బొట్టు పెట్టాలని ఫోను చేశాడు. "రేకు ఉంటెనే వస్త" అంది అక్క. "ఉంటదక్కా, నీ మీద ఒట్టు" అన్నాడు. ఆ మాట నమ్మి కొత్త చీర కట్టుకుని, వేళ్లకు గోరింటాకుతో, బావను వెంటబెట్టుకుని బస్సెక్కింది. పండగ రద్దీలో బస్సు ఆలస్యమైంది. అక్కడ పెద్దమనుషులు ముహూర్తం దాటుతుందన్నారు. ఇన్ని ఊళ్లవాళ్లు చూస్తుండగా రేకు పెట్టి కోస్తే ఏం బాగుంటుందన్నారు. వెంకన్న రేకు విప్పించాడు. గురువు మాట, ఒట్టు, అన్నీ ఆ రేకుతోపాటు గోడ వారకు పోయాయి.

తర్వాత జరిగింది సత్తయ్య బావ చెప్పగా రాస్తున్నాను. వాళ్లు గుమ్మంలోకి వచ్చేసరికి పచ్చి వేపపలక సగం కోతలో ఉంది. డప్పులు మోగుతున్నాయి. అక్క బోడి బ్లేడును చూసింది. "ఆపు" అని అరిచింది. ఎవరికీ వినపడలేదు. స్విచ్ బల్ల ముందు కాలికి ఉంది. స్విచ్ ఆపడానికి ఆమె ఉరికి, వంగింది. ఆమె ఎవరినీ ఎన్నడూ నిలబడనివ్వని చోటు అదే. చెక్క ముడుచుకుంది. బ్లేడు పట్టుకుంది. పలక లేచి వచ్చి ఆమె కడుపులో తగిలింది.

వెంకన్నకు ఏమీ కాలేదు. వాడు ఎడమ పక్కకు జరిగి నిలబడి కోస్తున్నాడు. ఆమె నేర్పిన ఆ ఒక్క పాఠం మాత్రం వాడు మరిచిపోలేదు.

పైకి రక్తం లేదు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. బావ పట్టుకుంటే, "మిషన్ బంద్ చెయ్యమను" అంది. సూర్యాపేట దారిలో మళ్లీ మాట్లాడలేదు.

ఇందులో తలరాత ఎక్కడుందో నాకు చూపించండి. రేకు ఉంది, అది గోడ వారన ఉంది. ఎండు చెక్క ఉంది, దాన్ని వద్దన్నారు. స్విచ్ పక్కకు పెట్టుకోవచ్చు, పెట్టుకోలేదు. చెప్పే మనిషి ఉంది, ఆమె రాకముందే మొదలుపెట్టారు. ఇన్ని చేతులు పడిన పనిని తీసుకుపోయి దేవుడి చేతిలో పెట్టి, మన చేతులు కడుక్కుంటున్నాం. జాగ్రత్తలు చెప్పిన మనిషే పోయింది అంటున్నారు. అయ్యా, ఆమె జాగ్రత్త పాటించిన షెడ్డులో ఆమెకు గోరు కూడా లేవలేదు. మీరు జాగ్రత్త విప్పి పక్కన పెట్టిన చోట ఆమె పోయింది. రెండిటికీ తేడా తెలియనట్టు నటించడం ఎంత సులభమో ఈ రోజుల్లో చూస్తున్నాను.

సంతాప సభ సంఘం హాల్లో జరిగింది. నిలువెత్తు ఫోటో, గులాబీల దండ. అమ్మవారు తన ముద్దుబిడ్డను పండగ మరునాడే తన దగ్గరికి పిలిపించుకుందని ఒకరన్నారు. విధి బలీయమన్నారు ఇంకొకరు. నా వంతు వచ్చినప్పుడు నేను పొగడ్తలేమీ మాట్లాడలేదు. ముందు వరుసలో కూర్చున్న వెంకన్నను చూసి, "రేకు యాడ ఉండెరా ఆనాడు?" అని అడిగాను. వాడు తల దించుకుని ఏడ్చాడు. సంఘం పెద్దాయన మైకు నా చేతిలోంచి తీసుకుని, "సంతాపం దగ్గర పంచాయితీ వద్దు" అన్నాడు.

అప్పుడు సత్తయ్య బావ లేచాడు. మైకు అడగలేదు. సగం వేళ్ల చెయ్యి కుర్చీ వీపు మీద ఆనించి నిలబడ్డాడు.

"నా వేళ్లు పోయినప్పుడు రాత అన్నరు. నేను గూడ రాతే అనుకున్న. ఆమె అనుకోలే. రాత గాదు, రేకు లేకనే పోయినయి అన్నది. మల్ల నాతోనే ఆ రేకు పెట్టించింది. ఇన్నేండ్లు పది వేళ్లతోని బతికి సూపెట్టింది. ఇయ్యాల మీరు రాత అంటె, ఆమె జెప్పినయన్ని అబద్ధమైతయి. ఆమెను ఒక్కసారి మిషన్ చంపింది, రెండోసారి మీరు చంపకుండ్రి."

అంతే చెప్పి కూర్చున్నాడు. ముందు వరుసవాళ్లు తలలూపారు. నేను ఆ తలలూపడాన్ని నమ్మాను. తర్వాత సంఘం ఒక తీర్మానం చేసింది. అనసూయమ్మగారి ఫోటో అచ్చు వేయించి మూడు ఊళ్లలోని ప్రతి షాపుకూ ఉచితంగా ఇవ్వాలని. చప్పట్లు కొట్టారు. రేకు మాట తీర్మానంలో లేదు.

అక్కా, నీకు నివాళి ఎట్లా అర్పించాలో నాకు తెలియడం లేదు. నీ లోటు తీరనిదని అందరూ అంటున్నారు. నీ బోటి నైపుణ్యం ఇంకెవరికైనా రావచ్చు, నీ చేతి నునుపు ఇంకెవరికైనా అబ్బవచ్చు. కాని నాకు భయమే అని పదిమంది మగవాళ్ల మధ్య బతికి, ఆ భయాన్ని విద్యగా మలిచి, అడిగినవాడికీ అడగనివాడికీ తిట్టి మరీ నేర్పిన మనిషి ఇంకొకరు రారు. నాకు ఆ నోరు లేదు. నేను పది మాటల్లో చెప్పేది నువ్వు ఒక్క చూపుతో చెప్పేదానివి.

మొన్న పని మీద కోదాడ పోయాను. వెంకన్న షాపు దగ్గరికి రాకముందే కోత చప్పుడు వినిపించింది. లోపలికి పోతే వాడు దర్వాజా చెక్క కోస్తున్నాడు. ఎదురు గోడ మీద అక్క ఫోటో ఉంది, దండ వేసి, కుంకుమ బొట్టు పెట్టి, ముందు అగరుబత్తి వెలిగించి. బల్ల మీద బ్లేడు బోడిగా తిరుగుతోంది. వెనక రేకు లేదు. పైన గార్డు లేదు.

నేను పోయి మెయిన్ ఆపేశాను. బ్లేడు నిలిచేదాకా ఆగాను.

"రేకు ఏదిరా?" అన్నాను.

వెంకన్న చెమట తుడుచుకుని ఫోటో వైపు చెయ్యి చూపించాడు. "ఫోటో పెట్టాం గదన్నా, మిషన్‌కు సరిగ్గా ఎదురుగా. పొద్దున దండం పెట్టుకున్నాకే స్విచ్ వేస్తన్నా. ఇక అక్కే చూసుకుంటది."

వాడు నటించలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అంత భక్తితో, అంత నమ్మకంతో అన్నాడు. వాడిని కొడదామని లేచిన చెయ్యి అందుకే కొట్టలేకపోయింది. దవాఖాన దగ్గర విన్న మాట కన్నా ఈ మాట ఘోరం. అక్కడ ఆమె మాటను మాత్రమే పాతిపెట్టారు. ఇక్కడ రేకు ఉండాల్సిన చోట ఆమెనే నిలబెట్టారు.

స్టూలు ఎక్కి ఫోటో దించాను. దండ తీసి వెంకన్న చేతిలో పెట్టాను. "అన్నా, గోడ బోసిపోతది" అన్నాడు వాడు. "రేకు బిగించినంక మిర్యాలగూడకు వచ్చి తీస్కపో" అన్నాను. ఫోటో బండి ముందు పెట్టుకుని, హుజూర్‌నగర్ మీదుగా ఇంటికి తెచ్చాను.

ఇప్పుడది నా షాపులో గోడకు ఆనించి ఉంది. మేకు కొట్టి తగిలించలేదు, అది వెంకన్నది కనుక. వాడు ఇంకా రాలేదు.